నిన్నటి పులుసు

బుధవారం పొద్దున తిరుపాలమ్మ ఆత్మకూరు చెరువుకట్ట మీద నిలబడి మూడు కొరమీన్లు ఏరుకుంది. మామూలుగా ఆమె కొనేది జెల్లలు, చిన్నాచితకా పరిగెలు. కొరమీను మీద చెయ్యి పడేసరికి, వల దులుపుకుంటున్న పెంచలనరసయ్య తలెత్తి చూశాడు.

"ఏందొదినా, ఇంట్లో పెళ్ళిచూపులా ఏంది?"

"అంతకంటే పెద్దదే. రేపు మద్రాసు హోటలోళ్ళు వస్తా ఉండారు, మా పావని పనిచేసే చోటోళ్ళు. నా పులుసు రుచి చూస్తారంట."

"రేపు గదా? ఈ పొద్దు కాచి పెడితే రేపటికి బాగా పట్టుద్దిలే. బాగుందంటే మాత్రం చేప నాదని చెప్పు."

"బాగలేదంటే?"

"అప్పుడు చేపా నీదే, పులుసూ నీదే."

తిరుపాలమ్మ నవ్వుకుంటూ సంచి చేతికి తగిలించుకుని కట్ట దిగింది.

ఆ చెరువు కింద గూడెంలో చేపల పులుసు వండిన పూట ఎవరూ తినరు. అప్పుడే దించిన పులుసులో పులుపు ఒక దిక్కు, కారం ఒక దిక్కు, చేప ఒక దిక్కు ఉంటాయి. రాత్రంతా మట్టి చట్టిలో ఉండి, తెల్లారి మళ్ళీ ఒక పొంగు వచ్చాక అవన్నీ ఒకటవుతాయి. ఇంటికి మనిషి వస్తున్నాడంటే ముందురోజే చట్టి పొయ్యి మీదికి ఎక్కాలి. వచ్చాక అప్పటికప్పుడు కాచి పోస్తే, ఆ మనిషి కోసం ఎవరూ ఎదురుచూడలేదన్నట్టు.

ఊరు దాటాక ఉదయగిరి పోయే రోడ్డు పక్కన తిరుపాలమ్మకు ఒక రేకుల పందిరి ఉంది. పదహారేళ్ళుగా మధ్యాహ్నం పూట అక్కడ అన్నం, చేపల పులుసు పెడుతోంది. మర్రిపాడు వైపు నుంచి దిగే లారీ డ్రైవర్లు పందిరి కింద కాలు పెట్టకముందే, "అత్తా, పాతది ఉండాదా?" అని కేకేస్తారు. అయిపోయిందంటే ముఖాలు వేలాడేసుకుని కొత్తది తింటారు.

మొగుడు సుందరయ్య కామెర్లతో పోయిన ఏడాదే ఆమె ఆ పందిరి వేసింది. ఆ ఏడాదే పావనిని గురుకులం బడిలో చేర్చింది. అప్పటికి పిల్లకు పదేళ్ళు. రేకుపెట్టె పట్టుకుని ఆ రోజు బస్సెక్కిన పిల్ల, మళ్ళీ తల్లి దగ్గర కుదురుగా ఉన్నది లేదు. బడి అయ్యాక కాలేజీ, కాలేజీ అయ్యాక తిరుపతిలో హోటల్ కోర్సు, ఆ తర్వాత చెన్నైలో సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో ఉద్యోగం. సెలవు పెట్టి వస్తే నాలుగు రోజులు. పిల్ల వస్తుందంటే తిరుపాలమ్మ ముందురోజే పులుసు కాచి ఉట్టి మీద పెట్టేది. పావని బస్సు దిగి కాళ్ళు కడుక్కునేసరికి అది కంచంలో ఉండేది.

ఆ హోటల్లో పావని జపాను వంట చేస్తుంది. తిరుపాలమ్మకు మొదట్లో అది నమ్మశక్యం కాలేదు.

"పచ్చి చేపా? కాల్చకుండానా? అంత పెద్ద హోటల్లో కట్టెలు కూడా కొనలేరా?" అని ఫోనులో అడిగింది.

పావని పడీపడీ నవ్వింది. "నువ్వు రేకుల కింద కాచి పెట్టేదానికి బేరమాడతారు మా. ఆ పచ్చి చేప ముక్కల్ని నల్లటి పళ్ళెంలో ఎనిమిది పెడితే, మాట్లాడకుండా నాలుగు వేలిచ్చి పోతారు."

గురుకులంలో ఒకసారి పావని పెట్టెలో నుంచి ఎండు పరిగెల వాసన వస్తోందని పక్క మంచాల పిల్లలు వారం రోజులు ముక్కు మూసుకుని తిరిగారు. ఆ తర్వాత పావని ఇంటి నుంచి తినేదేదీ తీసుకుపోలేదు. చేపను ముట్టుకుంటే ఎవరూ ముక్కు మూసుకోని చోటు ఆ పిల్లకు అన్నేళ్ళకు దొరికిందని తిరుపాలమ్మ సంతోషపడింది.

రెండు నెలల కిందట పావని ఫోను చేసి ఒక వార్త చెప్పింది. హోటలోళ్ళు కొత్తగా ఒక భోజనశాల పెడుతున్నారట. జపాను, కొరియా, చైనా, థాయిలాండు, బర్మా, శ్రీలంక, ఇట్లా పది దేశాల నుంచి పది వంటలు వరుసగా ఒక్కో చిన్న పళ్ళెంలో పెడతారట. మన దేశానికి ఒక్క పళ్ళెం. దానికి లక్నో కబాబు, కేరళ కూర, నెల్లూరు చేపల పులుసు పోటీలో ఉన్నాయట. పోటీకి పులుసు పేరు ఇచ్చింది పావనే.

"మన పులుసు ఓకే అయితే నిన్ను ఆరు నెలలు పిలిపిస్తారు మా, మాకందరికీ నేర్పించేదానికి. నా రూములోనే ఉంటావు. ఆ పళ్ళేనికి నేనే పెద్ద అవుతా. లేదంటే..."

"లేదంటే ఏంది?"

"సింగపూరు పొమ్మంటా ఉండారు. అక్కడ మా హోటలే ఇంకోటి ఉండాది. రెండేళ్ళు, జపాను వంటకే. ఇప్పుడు నాలుగు రోజులన్నా వస్తా ఉండా. అక్కణ్ణుంచి అదీ రాలేను."

ఆ రోజు నుంచి తిరుపాలమ్మ నోట ఆరు నెలల మాట తప్ప వేరే మాట లేదు. కొత్త దుప్పటి కొనింది. చెప్పులు కొనింది. ఆరు నెలలు పందిరి చూసుకోమని తమ్ముడి పెళ్ళాం రమణికి ఒప్పజెప్పింది.

"మద్రాసు పొయినాక ఇంగ మాతో మాట్లాడతావా వదినా? ఇంగిలీసు వచ్చేస్తది నీకు," అని రమణి ఎగతాళి చేసింది.

"ఇంగిలీసు ఎందుకే? పొద్దున లేస్తే నా బిడ్డ మొకం కనపడుద్ది. అది చాలు నాకు."

ఒక్కటే విషయం ఆమెకు అర్థం కాలేదు. పావని చెన్నైలో ఈ పులుసు పదిసార్లు కాచింది. కాచిన ప్రతిసారీ ఫోను చేసింది. "అన్నీ నువ్వు చెప్పినట్టే వేసినా మా. నీ పులుసు మాదిరి రావటం లేదు. ఏం తక్కువైందో తెలీటం లేదు." తిరుపాలమ్మ చింతపండు కొలత మళ్ళీ చెప్పింది. మెంతులు ఎంత మాడాలో చెప్పింది. పచ్చి మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో చెప్పింది. కాచిన పూట తినకూడదని మాత్రం చెప్పలేదు. అది చెప్పవలసిన మాట అని ఆమెకు తోచనే లేదు. అన్నం నోటితో తినమని ఎవరూ ఎవరికీ చెప్పరు కదా.

*

గురువారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తెల్ల కారు వచ్చి పందిరి ముందు ఆగింది. ముందు పావని దిగింది. హోటల్ పేరున్న నల్ల చొక్కా, జుట్టు గట్టిగా ముడి. తల్లిని చూసి నవ్వింది గానీ దగ్గరికి రాలేదు. కారు తలుపు పట్టుకుని నిలబడింది. వెనక సీటులో నుంచి యాభై ఏళ్ళ ఆవిడ దిగింది. ఆవిడే రాధిక మేడం, హోటల్లో వంటలన్నిటికీ పెద్ద. హైదరాబాదు మనిషి, తెలుగు బాగా మాట్లాడుతుంది. ఆవిడతో పాటు దిగిన ముప్పై అయిదేళ్ళ అతను నవీన్, వంటగదిలో పావనికి పై అధికారి. అతనిది కలువాయి అని, భూములున్న ఇంటివాడని పావని ముందే చెప్పింది.

పొద్దున వాళ్ళు ఉదయగిరి పోయి చెక్క గరిటెలు కొన్నారు. మేడం ఒకటి చేతిలోనే పట్టుకుని వచ్చింది.

"ఎంత పని చేశారండీ చేతితో! జపాన్ సూప్‌కి వీటినే పెడుతున్నాం," అంటూ తిరుపాలమ్మకు చూపించింది. "మీరేనా పావని వాళ్ళమ్మ? మీ అమ్మాయి రెండు నెలలుగా మా బుర్ర తినేస్తోంది, మా అమ్మ పులుసు, మా అమ్మ పులుసు అని."

"కూర్చోండమ్మా. మా ఇంటికి మీ అంతోళ్ళు రావటమే..." అని తిరుపాలమ్మ రమణి ఇంటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు తన పైటతో తుడిచింది.

వేడి అన్నం పెట్టింది. చట్టిని గుడ్డతో పట్టుకుని తెచ్చి, ముక్క చెదరకుండా వంచి పోసింది. మేడం ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో చెంచా తీసుకుంది. మూడోది తీసుకుంది.

"పావనీ, నువ్వు మాకు చేసి పెట్టినదానికీ దీనికీ పోలికే లేదు."

పావని ముఖం విచ్చుకుంది. పందిరి గుంజ పట్టుకుని నిలబడిన తిరుపాలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేముంది, అయిపోయింది అనుకుంది.

"ఎన్నింటికి వండారమ్మా? పులుపు ఇంతలోనే ఎలా పట్టింది చేపకి?"

"నిన్ననే కాచేసినానమ్మా," అంది తిరుపాలమ్మ పొంగిపోతూ. "మీరొస్తా ఉంటే ఈ పొద్దు కాచింది పెడతానా?"

మేడం చేతిలో నాలుగో చెంచా నోటి దాకా పోలేదు. నెమ్మదిగా కంచంలో దిగింది.

"నిన్నటిదా? ఫ్రిజ్‌లో పెట్టారా?"

"ఫ్రిజ్ ఎందుకమ్మా దీనికి? ఉట్టి మీద పెట్టినా. పొద్దున మళ్ళీ ఒక పొంగు రానిచ్చినా."

మేడం నీళ్ళ సీసా తెరిచి రెండు గుక్కలు తాగింది. పావని చట్టి వైపు చూసింది. పదిసార్లు కాచి పదిసార్లూ దొరకనిదేదో ఆ పిల్లకు అప్పుడు దొరికిందని తిరుపాలమ్మకు ఆ చూపులోనే తెలిసింది. దొరికిన క్షణాన్నే అది దొరకకపోయినా బాగుండేదని పిల్ల అనుకున్నదీ తెలిసింది.

"నువ్వు నాకెప్పుడూ నిన్నటిదే పెట్టేదానివా మా?" అంది పావని సన్నటి గొంతుతో.

"నువ్వొస్తావని ముందురోజే కాచేదాన్ని గదా పాపా. మరి ఎట్టా పెడతారు?"

పావని మేడం వైపు తిరిగింది. "మేడం, రుచి మీరే చూశారు. మనం కొరియా వాళ్ళ క్యాబేజీ పచ్చడి మూడు నెలలది పెడుతున్నాం. థాయ్ చేపల సాస్ రెండేళ్ళది. జపాన్ వాళ్ళ సోయా ముద్ద, ఆ మిసో మూడేళ్ళది, ఆ సంగతి కార్డు మీద రాసి మరీ పెడుతున్నాం."

"మిసో ఒక కాగితంతో వస్తుంది పావనీ. ఎక్కడ చేశారు, ఏ వేడిలో ఉంచారు, ఎవరు పరీక్ష చేశారు, అన్నీ ఉంటాయి. ఈ చట్టికి ఏ కాగితం ఉంది? రేపు ఎవరికైనా కడుపు నొప్పొస్తే నేనేం చూపించను, ఉట్టి చూపించనా?"

మేడం అది వెక్కిరింపుగా అనలేదు. ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. అందుకే తిరుపాలమ్మకు ఆవిడ మీద కోపం కూడా రాలేదు.

"నేను వంట చేసే చోటు చూసొస్తా మేడం," అంటూ నవీన్ లేచాడు.

పందిరి వెనక పొయ్యి దగ్గరికి తిరుపాలమ్మ అతన్ని తీసుకుపోయింది. చట్టి కూడా చేతిలోనే ఉంది. నవీన్ ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. చట్టిలో నుంచి ఒక ముక్క రెండు వేళ్ళతో తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. పక్కనున్న అన్నం తపేలాలో నుంచి ఒక ముద్ద తీసి, చట్టి అంచున అంటిన పులుసులో అద్దుకుని తిన్నాడు.

"అబ్బ! మా అవ్వ ఇట్నే చేసేది. మా ఇంట్లోనూ నిన్నటిదే. కొత్త పులుసు పెడితే మా తాత కంచం తోసేసేవాడు."

తిరుపాలమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఆ మాట మేడమ్మకు చెప్పు నాయనా. నువ్వు చెబితే వింటది."

"చెబుతా, చెబుతా. సబ్బుందా?"

సబ్బు ఇచ్చింది. రెండుసార్లు రుద్ది కడుక్కున్నాడు. వేళ్ళు వాసన చూసుకుని మూడోసారి కూడా కడుక్కున్నాడు.

ముందుకు పోయాక మేడం అడిగింది. "ఏమంటావు నవీన్? నువ్వీ జిల్లావాడివే కదా."

నవీన్ కుర్చీ అంచున కూర్చుని ఫోను చూసుకున్నాడు. "రిస్క్ మేడం. పల్లెటూళ్ళలో చెల్లుతుంది గానీ, మనకు కుదరదు."

తిరుపాలమ్మ అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది. అతను తల ఎత్తలేదు. చెప్పేద్దామా అనుకుంది. ఇప్పుడే నా చట్టిలో చెయ్యి పెట్టి తిన్నాడని అనాలనుకుంది. అంటే రేపు వంటగదిలో పావని బతుకు ఏమవుతుందో అని నోరు మూసుకుంది.

"మనకింకా గంటన్నర టైముంది," అంది మేడం వాచీ చూసుకుని. "ఇంత దూరం వచ్చాం కదమ్మా. ఇప్పుడు మా ముందు కొత్తగా చేసి చూపించండి. అది చూసి మాట్లాడదాం."

*

వండేదానికి పచ్చి చేపలు మిగల్లేదు. పావని ఆ నల్ల బూట్లతోనే చెరువుకు పరిగెత్తింది. పెంచలనరసయ్య దగ్గర జెల్లలు తప్ప దొరకలేదు. అవే తెచ్చింది. బూట్లకు బురద అంటింది. చొక్కా చేతులు పైకి మడుచుకుని తల్లి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"నువ్వు చింతపండు పిసుకు మా. నేను ఉల్లిగడ్డలు తరుగుతా."

ఆ పిల్ల కత్తి ఆడుతుంటే తిరుపాలమ్మ తన చేతిలో పని మరిచిపోయి చూసింది. ముక్కలన్నీ ఒకే కొలత. చెయ్యి ఎత్తినట్టే కనపడదు, కుప్ప పెరుగుతూ ఉంటుంది.

"ఎవరు నేర్పించినారే ఇట్టా?"

"ఓ జపాను ముసలాయన. రోజూ తిట్టేవోడు."

"నీకు తిట్లు పడితే గానీ పని రాదులే. మీ నాయన పోలిక."

పావని నవ్వింది. పొయ్యిలో పొగ వస్తే వంగి ఊదింది. మెంతులు వేగుతుంటే తల్లి చెప్పకముందే చట్టి దించింది. ధనియాలు, ఎండుమిరపకాయలు రోట్లో వేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ ఒకటే రోకలి చెరో చేత్తో పట్టుకుని దంచారు. పదహారేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి ఒక్క కూర వండలేదు. సెలవులకొచ్చిన పిల్లను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు తిరుపాలమ్మ. ఎంత తప్పు చేశానో అనుకుంది. ముందు కూర్చున్న మేడం సంగతి, నవీన్ సంగతి, కాసేపు ఆమెకు గుర్తు కూడా లేదు. మామిడికాయ ముక్క ఒకటి ఉప్పద్ది పావని నోట్లో పెట్టింది. పావని కళ్ళు మూసుకుని, పులుపుకు భుజాలు ముడుచుకుంది. అచ్చం పదేళ్ళ పిల్లలాగా.

"ఇట్నే ఉంటే బాగుండు మా," అంది.

"ఉంటాం లేమ్మా. ఆరు నెలలు."

పులుసు ఉడికింది. గరిటె పెట్టకుండా చట్టిని గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పి దించింది. ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. ఆమె అనుకున్నట్టే ఉంది. అంటే బాగలేదు.

మేడం రెండు చెంచాలు తీసుకుంది. మూడోది తీసుకోలేదు.

"బాగుందమ్మా," అంది.

"ఇది ఇంకా కాలేదమ్మా," అంది తిరుపాలమ్మ చేతులు కట్టుకుని. "రేపు ఈపాటికవుద్ది. ఈ పూటకు ఇక్కడే ఉండి రేపు పొండమ్మా. మా ఇంట్లో కాకపోతే ఆత్మకూరులో లాడ్జీ ఉండాది. మీరు మొదట తిన్నారే, అట్టా అవుద్ది. నా మాట నమ్మండి."

"రేపు పొద్దున తొమ్మిదింటికి నాకు చెన్నైలో మీటింగుంది." మేడం కంచం పక్కన పెట్టింది. "పావనీ, కూర్చో. మీ అమ్మగారి ముందే చెబుతాను, దాచి చెప్పటం నాకు రాదు. ఇది మంచి ఇంటి వంట. కానీ చెన్నైలో ఆంధ్రా మెస్సులు వీధికి రెండున్నాయి. రెండొందలిస్తే అన్నం ఎంతంటే అంత, పులుసు ఎంతంటే అంత. నేను చిన్న గిన్నెలో రెండు ముక్కలు పెట్టి మూడు వేలంటే ఎవరిస్తారు? జపాన్ అంటే ఇస్తారు. అడగరు, నోరెత్తరు. థాయ్ అంటే అందులో సగమిస్తారు. చైనా అంటే అంత రేటా అంటారు. మనదంటే, మా అమ్మ ఇంతకంటే బాగా చేస్తుందంటారు. ఆ జనాన్ని నేను మార్చలేను."

"వాళ్ళమ్మలు చేసేదాని విలువ వాళ్ళకు తెలీదు మేడం. మనం పెడితే తెలుస్తుంది," అంది పావని. "పళ్ళెం మీద పెట్టకుండానే విలువ లేదంటే ఎట్లా?"

"దానికోసమే కదా మొదటి చట్టి మీద నాకు ఆశ కలిగింది. అది పెట్టే దారి లేదు. ఇది పెట్టేంత గొప్పగా లేదు." ఆవిడ పావని చెయ్యి తట్టింది. "లక్నో కబాబు పెట్టేద్దాం. నువ్వు సింగపూర్ కాగితాల మీద సంతకం చెయ్యి. నీ చేతిలో ఉన్న పనికి అది మంచి దారి."

తిరుపాలమ్మకు అన్ని మాటలూ అర్థం కాలేదు. సింగపూరు అన్న మాట అర్థమైంది.

కారు ఎక్కబోతూ మేడం ఆగింది. "ఇంకో మాట. ఆ మొదటి చట్టి ఎవరికీ అమ్మొద్దని మీ అమ్మగారికి చెప్పు. మనం వచ్చి వెళ్ళిన రోజు ఎవరికైనా ఏదైనా అయితే మన పేరు వస్తుంది."

పావని పందిరి వెనక్కి పోయి చట్టి ఎత్తుకుంది. సగానికి పైగా ఉంది ఇంకా. మూడు కొరమీన్లు పట్టిన చట్టి. కాలువ పక్కన వంచింది. ముక్కలు జారిపడ్డాయి. కాకులు దిగాయి. తిరుపాలమ్మ అడ్డం పోలేదు. తన బిడ్డ ఎంత జాగ్రత్తగా వంచుతుందో చూస్తూ ఉండిపోయింది. బూటు మీద ఒక చుక్క కూడా పడలేదు.

అప్పుడే రోడ్డు మీద లారీ ఆగింది. డ్రైవరు కేకేశాడు. "అత్తా, పాతది ఉండాదా?"

"లేదన్నా," అంది పావని, ఖాళీ చట్టి చేత్తో పట్టుకుని. "అయిపోయింది."

లారీ పోయింది. చట్టి బోర్లించి పావని తల్లి ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు ఉద్యోగం ఉండాది మా. ఏం చెయ్యను చెప్పు?"

"నేనేమన్నా అన్నానా పాపా?"

"అంటే బాగుండు." చేత్తో ముఖం తుడుచుకుని ఫోను తీసింది. "కాచినాక రాత్రంతా ఏం చేస్తావో మొత్తం చెప్పు మా. రాసుకుంటా. అక్కడ నా ఒక్కదానికన్నా కాచుకుని తింటా."

తిరుపాలమ్మ చెప్పాలనే నోరు తెరిచింది. పొయ్యిలో నిప్పులు ఎంతసేపు ఉంచాలి, మూత ఎప్పుడు వారగా పెట్టాలి, పడుకోబోయే ముందు ఒకసారి, కోడి కూసినాక ఒకసారి ఎట్టా చూడాలి, అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. కానీ అవి చెప్పేస్తే, ఈ పిల్ల తన దగ్గరికి రావలసిన పని ఇంకొకటి తగ్గిపోతుంది.

"రాసుకుంటే వచ్చేది కాదు పాపా. ఒక్క రాత్రి నా పక్కన ఉండి చూడాల."

"ఒక్క రాత్రి కూడా లేదు మా నా దగ్గర."

కారు హారన్ మోగింది. పావని వంగి తల్లి పాదాలు ముట్టుకోబోయింది. తిరుపాలమ్మ భుజాలు పట్టుకుని లేపి, ఆ నల్ల చొక్కాలోకి ముఖం పెట్టి ఒకసారి గట్టిగా వాసన పీల్చుకుంది. చొక్కాకు మెంతుల పొగ పట్టి ఉంది.

"చొక్కా మార్చుకో. కారులో వాళ్ళు ఏమన్నా అనుకుంటారు," అంది.

*

కారు పోయిన అరగంటకు ఆమె ఫోను మోగింది. పావని పేరు కనపడితే ఆత్రంగా ఎత్తింది.

"పాపా? ఏమన్నా మరిచిపొయినావా?"

అవతల కారు గాలి చప్పుడు వినిపిస్తోంది. దూరంగా నవీన్ గొంతు. "అదే మేడం సంగం బ్యారేజీ. మన పెన్న." మేడం ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ఫోనుకు దగ్గరగా మాత్రం ఎవరో ఊపిరి ఆపి ఆపి వదులుతున్నారు.

తిరుపాలమ్మకు అర్థమైంది. రోడ్డు పక్కనే నేల మీద కూర్చుంది.

"ఏంటి పావనీ, జలుబా?" మేడం గొంతు.

"అవును మేడం. పొగ."

ఎండలో పందిరి రేకులు చిటపటమంటున్నాయి. తిరుపాలమ్మ ఫోను చెవికి అదిమిపెట్టుకుంది. తన ఊపిరి కూడా అవతలకు వినపడాలని నోటితో పీల్చింది.

"నేనుండాను పాపా," అంది చాలాసేపటికి. "నువ్వు మాట్లాడక్కర్లా. నేనుండాను."

నవీన్ డ్రైవరుకు దారి చెబుతున్నాడు. బుచ్చి వచ్చిందన్నాడు. అక్కడ టీ తాగుదామా అన్నాడు. వద్దంది మేడం. ఊరి రద్దీలో హారన్లు, ఎవరో పండ్లమ్మే కేక, మళ్ళీ గాలి చప్పుడు. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టలేదు.

బుచ్చి దాటాక అవతల చప్పుడు ఆగిపోయింది. సిగ్నలే పోయిందో, పిల్లే పెట్టేసిందో తెలియలేదు. తిరుపాలమ్మ ఇంకా కాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.